మత్తులోని రోగిని కదిలించేటప్పుడు జాగ్రత్తలు
(ప్రత్యేక వ్యాసం)

శస్త్రచికిత్స ముగిసిన తరువాత కూడా రోగి దాటవలసిన చిన్న దూరం ఒకటి మిగిలి ఉంటుంది. ఆపరేషన్ బల్ల నుండి పక్కన నిలిపిన ట్రాలీ వరకు గల ఆ దూరం రెండు మూడు అడుగులకు మించదు. అయినప్పటికీ రోగి నరాలకు, కీళ్లకు, అతనిని కదిలించే సిబ్బంది నడుములకు ప్రమాదం పొంచి ఉండేది అక్కడే.

మెలకువగా ఉన్న మనిషి చేయి మెలిపడితే వెంటనే కేక వేస్తాడు. మత్తులో ఉన్న రోగికి ఆ అవకాశం లేదు. కండరాలను సడలించే మందుల వలన కీళ్లను కాపాడే సహజమైన బిగువు కూడా ఉండదు. చేతిని శరీరం నుండి 90 డిగ్రీలకు మించి చాపి ఉంచితే మెడ నుండి చేతిలోకి వెళ్లే నరాల సముదాయం సాగి దెబ్బతినవచ్చు. మోచేయి లోపలి వైపు బల్ల అంచుకు ఒత్తుకుంటే చిటికెన వేలు మొద్దుబారుతుంది. మోకాలి కింద బయటి వైపు గల నరం నలిగితే పాదం పైకెత్తలేని పరిస్థితి ఏర్పడుతుంది. అసలు వ్యాధితో సంబంధం లేని ఈ గాయాలు రోగి కోలుకున్న తరువాత గాని బయటపడవు.

ఇక సిబ్బంది సంగతి. అమెరికా జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అన్ని పరిస్థితులు అనుకూలించినప్పుడు సైతం ఒక వ్యక్తి ఎత్తదగిన బరువు 23 కిలోలు. రోగుల విషయంలో ఈ పరిమితి సుమారు 16 కిలోలుగా ఉండాలని 2007లో ప్రచురితమైన విశ్లేషణ సూచించింది. రోగి బియ్యం బస్తా కాదు. పట్టు దొరకదు, బరువు ఒక పక్కకు జారుతుంది. 70 కిలోల వ్యక్తిని నలుగురు ఎత్తినా ఒక్కొక్కరిపై 17 కిలోలకు పైగా భారం పడుతుంది. పైగా బల్ల మీదుగా వంగి, చేతులు చాచి పట్టుకోవలసి ఉంటుంది. భారం నడుముకు ఎంత దూరంగా ఉంటే వెన్నుపై ఒత్తిడి అంత అధికమవుతుంది.

కనుక రోగిని ఎత్తరాదు, జరపాలి. ట్రాలీని బల్లకు ఆనించి, రెండింటి చక్రాలకు బ్రేకులు వేసి, ఎత్తు సమానం చేసిన తరువాత రోగి కింద నున్నని జారుడు పలకను గాని, జారుడు దుప్పటిని గాని అమర్చాలి. ఒట్టి దుప్పటిపై ఈడ్చినట్లయితే చర్మం ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. సెలైన్ గొట్టం, మూత్రపు గొట్టం, మానిటర్ తీగలు ఎక్కడా చిక్కుకోలేదని ముందే చూసుకోవాలి. తలను, మెడను, శ్వాసనాళంలోని గొట్టాన్ని మత్తు వైద్యుడు పట్టుకుంటాడు. "ఒకటి, రెండు, మూడు" అని చెప్పవలసినది కూడా ఆయనే. ఇద్దరు ఆజ్ఞలిచ్చే చోట రోగి శరీరం మధ్యలో మెలిపడుతుంది.

స్త్రీల వ్యాధుల శస్త్రచికిత్సలలో కాళ్లను పైకెత్తి ఆధారాలపై ఉంచుతారు. ఒక్క కాలే సుమారు 11 కిలోలు తూగుతుంది. ఒకదాని తరువాత ఒకటి ఎత్తితే నడుము, తుంటి కీళ్లు మెలిపడతాయి. అందువలన ఇద్దరు నిలబడి రెండు కాళ్లను ఒకేసారి ఎత్తాలి, ఒకేసారి మెల్లగా దించాలి. తొందరపడి దించితే రక్తం కాళ్లలోకి చేరి రక్తపోటు పడిపోయే అవకాశం కలదు. వెన్నెముక శస్త్రచికిత్సకు రోగిని బోర్లా తిప్పడం మరింత క్లిష్టమైనది. తగినంతమంది లేనిదే దానికి పూనుకోరాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం పేద కుటుంబాలకు పెద్ద శస్త్రచికిత్సలను చేరువ చేసింది. అయితే ఆ రోగులను కదిలించే థియేటర్ సహాయకుల, స్టాఫ్ నర్సుల నడుము నొప్పి అరుదుగానే లెక్కకు వస్తుంది. నొప్పిని రిజిస్టరులో నమోదు చేయించుకొనుట ఫిర్యాదు కాదని పర్యవేక్షకులే వారికి చెప్పవలసి ఉన్నది. ఒక జారుడు పలక ఉన్నచోట సైతం అది బీరువాలో ఉండి, పని చేతుల మీదుగా సాగిపోవడం విచారకరం.

థియేటరులో పద్ధతిగా జరిగిన పని వార్డు మంచం వద్ద తరచుగా బంధువుల చేతుల్లో పడుతుంది. ఆత్రుతతో ఒకరు చంకల కింద, మరొకరు కాళ్ల వద్ద పట్టి లేపుతారు. వెన్నుకు మత్తు ఇచ్చిన రోగి మాట్లాడుతున్నా, కాళ్లు అతని అదుపులో ఉండవని వారికి తెలియదు. సాయం పట్టవలసి వచ్చినప్పుడు బంధువులు చేతులను, కాళ్లను కాక దుప్పటి అంచులనే పట్టుకోవాలి. నర్సు చెప్పిన తరువాతనే జరపాలి.