తలుపు మీది మాట

ఐర్లండులో ప్రయాణించే కొత్తవారికి పానశాలలలోను, భోజనశాలలలోను ఒక చిక్కు ఎదురవుతుంది. పక్కపక్కనున్న రెండు తలుపులలో ఒకదానిపై ‘ఫిర్’ అనీ, రెండవదానిపై ‘మ్నా’ అనీ రోమను లిపిలో రాసి ఉంటుంది. ఎఫ్ అక్షరం చూసి స్త్రీలదనీ, ఎమ్ అక్షరం చూసి పురుషులదనీ భ్రమపడితే అభాసుపాలు కాక తప్పదు. ఐరిష్ భాషలో ఫిర్ అంటే పురుషులు, మ్నా అంటే స్త్రీలు.

మ్నాకు ఏకవచనం ‘బ్యన్’. ఈ రెండూ ఒకే పదమంటే నమ్మడం కష్టమే. ఇండో-యూరోపియన్ మూలభాషలో స్త్రీని తెలిపే పదం ‘గ్వ’ వంటి ధ్వనితో మొదలయ్యేది. కెల్టిక్ భాషలలో అది బకారమైంది. గ్రీకులో గకారంగా మిగిలి, నేటి ఆసుపత్రులలోని ‘గైనకాలజీ’కి మూలమైంది. ఇంగ్లీషు ‘క్వీన్’, ఋగ్వేదంలో దేవపత్నులను చెప్పే ‘గ్నా’, పారశీక ‘జన్’ దీని తోబుట్టువులు. హైదరాబాదు దేవిడీలలోని జనానా ఆ ‘జన్’ నుంచి వచ్చినదే. ‘జనని’ మాత్రం ఈ కుటుంబంలోనిది కాదు. దాని ధాతువు వేరు. బ్యన్‌లోని అచ్చు కొన్ని రూపాలలో లోపించగా, నకారాన్ని తాకిన బకారం మకారమై ‘మ్నా’ ఏర్పడింది.

వ్యాకరణం ఇంకా విచిత్రం. ‘నా మ్నా’ అంటే ‘ఆ స్త్రీలు’ అని అర్థం. ‘ఆ స్త్రీ యొక్క’ అని కూడా అర్థమే. సందర్భమే దిక్కు. ‘ఆ స్త్రీల యొక్క’ అనాలంటే ‘బన్’ రూపం వాడాలి. అయితే ముందు ‘నా’ చేరగానే బకారం మూగబోయి ‘నా మన్’ అని వినిపిస్తుంది. ఇటువంటి మార్పు మనకు కొత్త కాదు. తల్లి పక్కన చేరిన తండ్రి ‘తల్లిదండ్రులు’లో దండ్రి కాలేదా? మనం మారిన అక్షరమే రాస్తాం. ఐరిష్‌వారు కొత్త అక్షరాన్ని ముందు చేర్చి, పలకని పాతదానిని కూడా నిలుపుతారు. 1914లో డబ్లిన్‌లో స్థాపితమై, 1916 ఈస్టరు తిరుగుబాటులో పాల్గొన్న మహిళా సంఘం ‘కుమన్ నా మన్’ పేరులో చిన్న ఎమ్ వెనుక పెద్ద బి నేటికీ కనిపిస్తుంది.

ఆంగ్లేయ పాలనలోను, 1845లో మొదలైన మహాక్షామంలోను ఈ భాష చాలావరకు పడమటి తీరానికి ఒదిగిపోయింది. 1937 రాజ్యాంగం దానిని ప్రథమ అధికార భాషగా ప్రకటించినా, నిత్యం మాట్లాడేవారు కొద్దిమందే. అయినా ఈ మాట ఇంగ్లీషు మాత్రమే మాట్లాడేవారి నోట కూడా నిలిచింది. 1990లో అధ్యక్ష పదవికి ఎన్నికైన తొలి మహిళ మేరీ రాబిన్సన్, విజయోపన్యాసం ఇంగ్లీషులోనే చేస్తూ, తనను గెలిపించిన ఐర్లండు స్త్రీలను మాత్రం ‘మ్నా నా హేరన్’ అని ఐరిష్‌లో పేర్కొన్నారు.