ముక్కు పక్కగోడ లోపలికి పోతే ఏ ఆపరేషన్?



సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు కవిత రాద్దామనుకున్నాను. రెండు లైన్ల తర్వాత అది నా వల్ల కాదని తేలిపోయింది. నాకు తెలిసింది ముక్కు. మన హాస్టల్లో ఐదేళ్లు ఉండి, ఎం.బి.బి.ఎస్. చదివి, ఇప్పుడు చెవి, ముక్కు, గొంతు విభాగంలో పీజీ చేస్తున్నాను. నా ముక్కు కోసమే ఈ విభాగం తీసుకున్నానని స్నేహితులు అంటుంటారు. నిజానికి నా ర్యాంకుకు వచ్చిన సీటు అదే.

తొమ్మిదో తరగతిలో, 2012లో, కబడ్డీ ఆడుతుంటే ఒకడి మోకాలు నా ముక్కు మీద పడింది. నాలుగు రోజులకు వాపు పోయింది కానీ ఊపిరి మునుపటిలా ఆడలేదు. రాత్రంతా నోరు తెరుచుకుని పడుకునేవాణ్ణి. తెల్లారేసరికి గొంతు ఎండిపోయేది. గురకకు మా రూములో పెట్టిన పేరు ‘రైసు మిల్లు’. 2017లో ఒక ఆస్పత్రిలో ముక్కు దూలం వంకర ఉందని ఆపరేషన్ చేశారు. వంకర ఉన్న మాట నిజమే, అది సరిగ్గానే పోయింది. ఊపిరి మాత్రం రాలేదు. రెండేళ్లకు ఇంకో డాక్టరు గారు నా చెంప మీద వేలు పెట్టి పక్కకు లాగి, ‘ఇప్పుడు పీల్చు’ అన్నారు. గాలి ఒక్కసారిగా లోపలికి పోయింది. తప్పు దూలంలో ఒక్కదానిలోనే లేదు, పక్కగోడలో కూడా ఉంది. మొదటిసారి దాన్ని ఎవరూ చూడలేదు.

వార్షికోత్సవానికి వేసే షామియానా చూడండి. నడిమి గుంజ దూలం అనుకుంటే, పక్క గుడ్డలు ముక్కు గోడలు. గుంజ ఎంత నిటారుగా ఉన్నా, గుడ్డకు వెదురు బద్ద లేకపోతే గాలికి లోపలికి వచ్చి పడుతుంది. ముక్కులో ఆ బద్ద పని చేసేది మృదులాస్థి. ముక్కుపుటానికి కొంచెం పైన, లోపలి దారిలో అన్నిటికన్నా ఇరుకైన చోటు ఉంటుంది. అక్కడ దూలానికీ పక్కగోడకూ మధ్య కోణం మామూలుగా 10 నుంచి 15 డిగ్రీలే. దాన్ని నాసికా కవాటం అంటారు. 1903లో మింక్ అనే వైద్యుడు దానికి ఆ పేరు పెట్టాడు. ఇరుకు దారిలో గాలి వేగం పెరిగితే అక్కడ పీడనం తగ్గుతుందని ఇంటర్ ఫిజిక్స్‌లో బెర్నౌలీ పాఠం ఉంటుంది. గోడ బలహీనంగా ఉంటే ఆ తగ్గిన పీడనానికి లోపలికి వంగుతుంది. ఎంత గట్టిగా పీలిస్తే అంతగా మూసుకుపోతుంది.

చెంప లాగే పరీక్షను కాటిల్ పరీక్ష అంటారు. వేరే కారణాలతో ముక్కు ఇరుకైన వారికి కూడా చెంప లాగితే కొంత హాయిగానే ఉంటుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మకూడదు. సన్నని పుల్లలాంటి పరికరంతో లోపలి గోడను ఒక్కోచోట మెల్లగా ఎత్తి, ఎక్కడ ఎత్తితే గాలి ఆడుతుందో చూడాలి. ఏ ఆపరేషన్ చేయాలో తేలేది ఇక్కడే.

గోడ గట్టిగానే ఉండి కోణం ఇరుకుగా ఉంటే స్ప్రెడర్ గ్రాఫ్ట్ పెడతారు. 1984లో జాక్ షీన్ ప్రచురించిన పద్ధతి ఇది. దూలానికీ పై మృదులాస్థికీ మధ్య సన్నని బద్దను దూర్చి దారి వెడల్పు చేస్తారు. గోడే మెత్తబడిన వారికి ఇదొక్కటే చాలదు. వారికి బాటెన్ గ్రాఫ్ట్. గోడ ఎక్కువగా లోపలికి వంగే చోట చర్మం కింద చిన్న సంచిలా చేసి, అందులో మృదులాస్థి ముక్క పెడతారు. ముక్కుపుటం అంచుకు దగ్గరగా, కింది మృదులాస్థే వంగిపోతుంటే దాని అడుగున గట్టి బద్ద వేసే పద్ధతి ఉంది. గోడను దారంతో కంటి కింది ఎముకకు కట్టడం కూడా ఉంది. దారం కాలక్రమేణా సడలవచ్చు కాబట్టి నాకు దాని మీద అంత నమ్మకం లేదు.

అసలు చిక్కు బద్ద ఎక్కడ నుంచి తేవాలన్నది. అన్నిటికన్నా మంచిది దూలంలోని మృదులాస్థి. తిన్నగా ఉంటుంది, అదే కోతలో దొరుకుతుంది. ముక్కు కూలకుండా పైనా ముందూ సుమారు ఒక సెంటీమీటరు పట్టీ వదిలి మిగతాది తీసుకోవచ్చు. నాకు మొదటి ఆపరేషన్‌లోనే దాన్ని తీసేశారు. గోడ సంగతి అప్పుడే తెలిసి ఉంటే ఆ ముక్కలే గోడకు పెట్టేవారు, ఒక్క మత్తుతో పోయేది. రెండోసారి చెవి డొప్ప నుంచి తీయాల్సి వచ్చింది. చెవి వెనుక కోస్తారు కాబట్టి మచ్చ కనబడదు. చెవి ముక్క సహజంగా వంపుగా ఉంటుంది కనుక గోడకు బాగానే నప్పుతుంది, స్ప్రెడర్ బద్దకు అంతగా నప్పదు. చెవి కూడా చాలకపోతే పక్కటెముక దాకా పోవాలి. బాటెన్ పెట్టినచోట ముక్కు కాస్త లావవుతుంది. మా అమ్మ ఇప్పటికీ, ‘ముక్కు మీ నాన్నది కాదురా’ అంటుంది.

కొత్తవి రెండు ఉన్నాయి. ఒకటి ఒంట్లో కరిగిపోయే సన్నని ఇంప్లాంట్. అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. దాని మీద 2019లో వచ్చిన పరీక్షలో ఒక గుంపుకు నిజంగా పెట్టి, ఇంకో గుంపుకు పెట్టినట్టు నటించారు. మూడు నెలలకు పెట్టినవారిలో నూటికి సుమారు 83 మందికి గుణం కనిపించింది. నటించిన గుంపులో కూడా 55 మందికి కనిపించింది! ‘నాకు బాగుంది’ అన్న మాటను డాక్టర్లు ఎందుకు జాగ్రత్తగా తూకం వేస్తారో ఇక్కడ తెలుస్తుంది. రెండోది రేడియో తరంగాలతో లోపలి గోడను వేడిచేసి బిగువు తేవడం. 2021 నాటి ఇలాంటి పరీక్షలోనే అది 88, నటన 42 దాకా వచ్చాయి. రెండిట్లోనూ పెద్ద కోత లేదు. కానీ విరిగి బాగా వంకరపోయిన ముక్కును అవి నిలబెట్టలేవు.

మీలో ముక్కు దిబ్బడ ఉన్న చాలామందికి ఈ జబ్బు ఉండదు. దుమ్ముకో పుప్పొడికో లోపలి పొర వాచి ఉంటుంది, దానికి మందులున్నాయి. మెడికల్ షాపులో కొనే చుక్కలు వారం దాటి వాడితే దిబ్బడ ఇంకా ముదురుతుంది. ఇప్పుడే మానేయండి. పదో తరగతి వయసులో ముక్కు ఇంకా పెరుగుతుంటుంది కాబట్టి ఇలాంటి ఆపరేషన్లకు సాధారణంగా పదహారు, పద్దెనిమిదేళ్ల దాకా ఆగమంటారు. అయితే దెబ్బ తగిలిన కొత్తలో మాత్రం ఆగకూడదు, వారంలోపే చూపించాలి. నేను వార్డెన్ గారికి కూడా చెప్పలేదు.

హైదరాబాద్ కోఠిలో, విశాఖపట్నంలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రులున్నాయి. దూలం ఆపరేషన్ అని చెబితే, ‘పక్కగోడ కూడా చూశారా సార్? తీసిన మృదులాస్థి ఏం చేస్తారు?’ అని అడగండి. అడిగితే విసుక్కునే డాక్టర్లు, భయపడి నోరు మూసుకున్న రోజుల్లో నేను అనుకున్నంత మంది లేరు.