తలపేలు

తలపేను మనిషి తలవెంట్రుకలలో నివసిస్తూ, నెత్తి చర్మం నుండి రక్తం పీల్చి బ్రతికే చిన్న కీటకం. దీని బహువచనం పేలు. శాస్త్రీయ నామం పెడిక్యులస్ హ్యూమానస్ కాపిటిస్. దీనికి మనిషి తల తప్ప వేరే నివాసం లేదు. కుక్కలు, పిల్లులు, కోళ్ళ మీద కనిపించే పేలు వేరే జాతులకు చెందినవి. అవి మనుషుల తలలో స్థిరపడవు. ధనిక, పేద దేశాలన్న తేడా లేకుండా బడి ఈడు పిల్లలలో, అందునా బాలికలలో, తలపేలు ఎక్కువగా కనిపిస్తాయి. పేను వలన కలిగే హాని స్వల్పమే. దానిని వదిలించడానికి ఇళ్ళలో చేసే కొన్ని చికిత్సల వలన, ముఖ్యంగా కళ్ళకు, కలిగే హాని అంతకంటే ఎక్కువ.

చరిత్ర

పేలు మానవజాతికి అతి పురాతన సహచరులు. ఇజ్రాయెల్‌లోని లాకీష్ అనే పురాతన నగర శిథిలాలలో 2016లో ఒక చిన్న దంతపు దువ్వెన దొరికింది. దాని మీద గీసిన అక్షరాలను 2022లో చదవగలిగారు. జుట్టులోని, గడ్డంలోని పేలను ఈ దువ్వెన తొలగించుగాక అన్న అర్థం వచ్చే వాక్యం అది. సుమారు 3,700 ఏళ్ళ నాటిదని అంచనా. కనానీయుల అక్షరమాలలో ఇంతవరకు దొరికిన పూర్తి వాక్యాలలో ఇదే మొదటిది కావడం విశేషం.

పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందని తెలుగు సామెత. ఆ పెత్తనం ఇవ్వకుండా ఉండటానికే కాబోలు, మధ్యాహ్నం వేళ అరుగుల మీద ఒకరి వెనుక ఒకరు కూర్చుని పేలు చూసుకోవడం మన పల్లెలలో నిన్నమొన్నటి వరకు నిత్యకృత్యంగా ఉండేది.

జీవిత చక్రం

పెరిగిన పేను నువ్వుగింజంత, అనగా 2 నుండి 3 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. ఆరు కాళ్ళకూ కొక్కెం వంటి గోళ్ళు ఉంటాయి. వాటితో వెంట్రుకను గట్టిగా పట్టుకుని వేగంగా ప్రాకగలదు. దీనికి రెక్కలు లేవు కనుక ఎగరలేదు, గెంతనూ లేదు.

ఆడపేను రోజుకు 6 నుండి 8 గుడ్ల వరకు పెడుతుంది. ఈ గుడ్డునే ఈపి అంటారు. నెత్తి చర్మానికి దగ్గరగా వెంట్రుకకు జిగురు వంటి పదార్థంతో అంటించి పెట్టడం వలన ఇది తలస్నానంతో ఊడిరాదు. చుండ్రు పొలుసు వ్రేలితో తోస్తే జారిపోతుంది, ఈపి జారదు. రెండింటికీ తేడా ఈ విధంగా తెలుసుకోవచ్చు. ఈపి పగిలి పిల్ల బయటకు రావడానికి 7 నుండి 10 రోజులు పడుతుంది. ఆ పిల్ల మూడు సార్లు కుబుసం విడిచి, మరో 9 నుండి 12 రోజులలో గుడ్లు పెట్టే పేను అవుతుంది. తల మీద సుమారు నెల రోజులు బ్రతుకుతుంది. తల నుండి క్రిందపడితే రక్తం దొరకక ఒకటి రెండు రోజులలో చనిపోతుంది.

వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కాబట్టి చర్మానికి ఒక సెంటీమీటరు కంటే దూరంగా కనిపించే ఈపులు సాధారణంగా ఖాళీ పెంకులే. తలలో ఈపులు కనిపించినంత మాత్రాన పేలు ఉన్నట్లు కాదు. ప్రాకే పేను కనిపిస్తేనే చికిత్స అవసరం.

వ్యాప్తి, లక్షణాలు

తలకు తల తగిలినపుడు పేను ఒకరి నుండి మరొకరికి ప్రాకుతుంది. ఆటలాడేటపుడు, ఒకే పుస్తకం మీద ఇద్దరు వంగినపుడు, ఒకే పక్క మీద పడుకున్నపుడు ఇది జరుగుతుంది. దువ్వెనలు, రిబ్బన్ల ద్వారా వ్యాపించడం చాలా తక్కువ. శుభ్రంగా ఉన్న తలలోకి కూడా పేలు వస్తాయి. మురికికీ పేలకూ ముడిపెట్టి పిల్లలను నిందించడం సరికాదు.

దురదకు కారణం పేను లాలాజలం పడకపోవడం. మొదటి సారి పేలు పట్టినపుడు దురద మొదలు కావడానికి 4 నుండి 6 వారాలు పట్టవచ్చు. రాత్రి వేళ దురద వలన నిద్ర చెడుతుంది. మరునాడు తరగతిలో తూగే పిల్లను సోమరిగా భావించే ముందు ఉపాధ్యాయులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. గోకడం వలన పుండ్లు పడి చీము పట్టవచ్చు. చెవుల వెనుక, మెడ మీద బిళ్ళలు కట్టవచ్చు.

టైఫస్ జ్వరాన్ని వ్యాపింపజేసేవి బట్టలలో ఉండే ఒంటిపేలు, అనగా చీరపేలు. ఈ విషయాన్ని 1909లో కనుగొన్న ఫ్రెంచి శాస్త్రవేత్త షార్ల్ నికోల్‌కు 1928లో నోబెల్ బహుమతి లభించింది. తలపేల వలన ఇటువంటి జ్వరాలు వ్యాపించడం సాధారణంగా జరగదు.

గృహ చికిత్సలు, కంటికి ప్రమాదం

సీతాఫలం గింజలను పొడిచేసి, నూనెలో గాని నీటిలో గాని కలిపి తలకు పట్టించడం తెలుగు నాట చిరకాలంగా ఉన్న పద్ధతి. మహబూబ్‌నగర్ ప్రాంతపు బాలానగర్ సీతాఫలాలు ప్రసిద్ధమైనవి. కాయ తిన్న తరువాత గింజలు ఊరికే దొరుకుతాయి కనుక ఈ మందుకు ఖర్చు లేదు. ఈ గింజలలోని అసిటోజెనిన్లు అనే పదార్థాలు పేలను చంపే మాట నిజమే. అయితే అవే పదార్థాలు కంటి నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరను గాయపరుస్తాయి. పొడి రాలినా, స్నానం చేసేటపుడు నీటితో జారి కంట్లో పడినా తీవ్రమైన నొప్పి, ఎరుపు, నీరు కారడం, వెలుగు చూడలేకపోవడం కలుగుతాయి. భారతదేశంలోని కంటి వైద్యులు ఇటువంటి కేసులను వైద్య పత్రికలలో నమోదు చేశారు. సకాలంలో చికిత్స చేస్తే ఎక్కువ మందికి కొద్ది రోజులలో నయమవుతుంది.

పొడి కంట్లో పడితే నలపకూడదు. వెంటనే శుభ్రమైన నీటి ధారతో కనీసం 15 నిమిషాలు కడిగి, కంటి వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. చనుబాలు, ఆముదం వంటివి వేయరాదు. ఇంట్లో మిగిలిపోయిన చుక్కల మందు కూడా వేయరాదు.

కిరోసిన్ పూయడం వలన చర్మం కాలినట్లవుతుంది. పొయ్యి దగ్గరకు వెళితే తల అంటుకునే ప్రమాదం ఉంది. పైరుకు కొట్టే పురుగుమందు తలకు రాయడం అన్నిటికంటే ప్రమాదకరం. అది చర్మం గుండా ఒంటిలోకి చేరి ప్రాణం తీయగలదు. ఒకప్పుడు వైద్యులే వ్రాసిన లిండేన్ కూడా నాడీవ్యవస్థకు హానికరమని తేలింది. 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందపు నిషేధ జాబితాలో చేరినపుడు, పేలకు, గజ్జికి మందుగా మాత్రం దానికి తాత్కాలిక మినహాయింపు ఇచ్చారు.

చికిత్స

ఒక శాతం పెర్మెత్రిన్ మందును కడిగి తువ్వాలుతో తుడిచిన తలకు పట్టించి, పది నిమిషాల తరువాత నీటితో కడగాలి. ఆ సమయంలో కళ్ళను పొడిబట్టతో కప్పి ఉంచాలి. మందు ఈపులన్నిటినీ చంపలేదు. అందువలన తొమ్మిదవ రోజున, అప్పటికి పొదిగిన పిల్లలు మళ్ళీ గుడ్లు పెట్టే లోపల, రెండవ సారి పట్టించాలి. ఈ రెండవ సారిని మరచిపోవడం వలననే చాలా ఇళ్ళలో పేలు మళ్ళీ వస్తాయి. కొన్ని దేశాలలో పేలు ఈ మందును తట్టుకునే శక్తిని సంపాదించుకున్నాయి. అటువంటపుడు వైద్యులు ఐవర్‌మెక్టిన్ లోషను గాని, డైమెథికోన్ వంటి సిలికాన్ నూనె గాని సూచిస్తారు.

ఏ మందూ లేకుండా సన్నపళ్ళ పేలదువ్వెనతో తడితల దువ్వడం కూడా మంచి పద్ధతే. కొబ్బరినూనె రాస్తే దువ్వెన సులువుగా జారుతుంది. మూడు నాలుగు రోజులకు ఒకసారి చొప్పున, కనీసం రెండు వారాలు ఓపికగా చేయాలి.

పాఠశాలలలో

పేలున్న పిల్లను ఇంటికి పంపడం, వెనుక బల్ల మీద ఒంటరిగా కూర్చోబెట్టడం, అందరి ముందు తల వెతకడం అనేక దేశాలలో ఆచారంగా ఉండేవి. పేలు బయటపడే నాటికి అవి సాధారణంగా చాలా వారాలుగా తలలో ఉంటాయి కనుక ఆ రోజు ఇంటికి పంపడం వలన ప్రయోజనం లేదు. పేలు గాని ఈపులు గాని ఉన్నాయన్న కారణంతో ఆరోగ్యవంతమైన పిల్లలను బడి మాన్పించరాదని అమెరికా శిశువైద్యుల అకాడమీ తన 2022 నివేదికలోనూ స్పష్టం చేసింది. బాలికల జుట్టు బలవంతంగా కత్తిరించడం చికిత్స కాదు, శిక్ష.

పేరు బయటపెట్టకుండా తరగతిలోని తల్లిదండ్రులందరికీ ఒకేసారి కబురు పంపడం ఉత్తమం. ఇంట్లో అందరి తలలూ అదే రోజున చూసి, ప్రాకే పేలు కనిపించిన వారందరికీ ఒకేసారి చికిత్స చేయాలి. ఒక్కరికే మందు రాసి ఊరుకుంటే, పక్కలో పడుకునే చెల్లెలి తల నుండి పేలు తిరిగి వస్తాయి.