పది లక్షల సైకిలు

కరోల్‌బాగ్ పక్కనున్న ఝండేవాలాన్ సైకిళ్ల బజారులో నల్లని ఇనుప సైకిలు ఒకటి, క్యారియరు, స్టాండు, మడ్‌గార్డులు, బెల్లు సహా, ఆరేడు వేల రూపాయలకు దొరుకుతున్నది. అదే ఢిల్లీ నగరంలో, దక్షిణాదిన ఉన్న ఒక షోరూములో, అద్దాల వెనుక మరొక సైకిలు కొలువుతీరి ఉన్నది. దానికి మడ్‌గార్డు లేదు, స్టాండు లేదు, ఆఖరుకు పెడళ్లు కూడా లేవు. అవి విడిగా కొనుక్కోవాలట. ధర మాత్రం పది లక్షలు దాటింది. దీనిని రోడ్ బైకు అంటారు. బైకు అంటే మోటారు సైకిలేనని స్థిరపడిపోయిన మన తెలుగువారికి ఈ పేరు కొంత చిక్కు కలిగించవచ్చును గాని, ఇందులో ఇంజనేమీ లేదు. తొక్కేవాని కాళ్లే ఇంజను.

గుంటూరు జిల్లాకు చెందిన నా మిత్రుని కుమారుడు గురుగ్రామ్‌లో ఇంజనీరు. ఆరు లక్షలు పెట్టి అటువంటి సైకిలు కొనదలచి, "బాబాయిగారూ, ఇంత డబ్బు పెట్టడం సబబేనంటారా?" అని నన్నడిగాడు. ఢిల్లీ విలేకరికి మంత్రివర్గ విస్తరణలు తప్ప మరేమీ తెలియవనే అపవాదు ఎలాగూ ఉన్నది గనుక, రెండు శనివారాలు ఈ పనిమీద తిరిగాను.

ముందుగా ఆ డబ్బు ఎక్కడికి పోతున్నదో చూడాలి. ఫ్రేము ఇనుము కాదు, అల్యూమినియం కాదు, కార్బన్ ఫైబరు. అత్యధికంగా తైవాన్, చైనాలలో తయారవుతుంది. గేర్లు సాధారణంగా జపాను దేశపు షిమానో సంస్థవి. 1921లో సకాయ్ నగరంలో మొదలైన ఈ సంస్థ పేరు సైకిలు ప్రియులకు మంత్రాక్షరం వంటిది. ఖరీదైన రకాలలో గేరు మార్చడానికి తీగ ఉండదు, బ్యాటరీ ఉంటుంది. సైకిలుకు కూడా రాత్రిపూట చార్జింగు పెట్టవలసిన కాలం వచ్చిందన్నమాట! దీనికి తోడు దిగుమతి సుంకం. సైకిళ్లపై 30 శాతం ఉన్న సుంకాన్ని 2023 బడ్జెట్‌లో 35 శాతానికి పెంచారు.

ఇంత చేసి కొనుక్కునేది ప్రధానంగా తేలికదనం. లక్ష రూపాయల రోడ్ బైకు తొమ్మిది, తొమ్మిదిన్నర కిలోలు తూగితే, పది లక్షలది ఏడు కిలోలు తూగుతుంది. అంతర్జాతీయ పోటీలలో 6.8 కిలోలకు తగ్గిన సైకిలును అనుమతించరాదని 2000 సంవత్సరం నుంచి నిబంధన ఉన్నది గనుక, పందెగాళ్లకు సైతం తేలికదనానికి హద్దు ఒకటి ఏర్పడింది. మరి ఆ రెండు కిలోల ఫలితం ఎంత? డెబ్బయి కిలోల మనిషి ముస్సోరీ వంటి ఘాట్ రోడ్డును గంటసేపు ఎక్కినప్పుడు కలిసివచ్చే కాలం సుమారు నిమిషంన్నర. ఢిల్లీలో ఎక్కడానికి కొండలు ఎక్కడివి? రిడ్జి అనే గుట్ట తప్ప నగరమంతా చదును నేల. చదును నేలపై గంటకు ముప్పయి కిలోమీటర్ల వేగం అందుకున్నవాని శ్రమలో అధిక భాగం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. ఆ గాలికి అడ్డుపడేది ముప్పాతిక వంతు మనిషి శరీరమే. వంగిన హ్యాండిలు పట్టుకొని నడుము వంచితే కలిగే లాభం లక్ష రూపాయల సైకిలుపై ఎంతో, పది లక్షల సైకిలుపై కూడా దాదాపు అంతే.

కనుక కుర్రవానికి నా సలహా ఇది: లక్ష, లక్షన్నర వరకు పెట్టే ప్రతి రూపాయికీ ఫలితం కనిపిస్తుంది. మంచి గేర్లు, నమ్మదగిన బ్రేకులు, ఒంటికి సరిపడే కొలత ఆ ధరలోనే వస్తాయి. ఇంకొక పదివేలు ఉంటే మంచి టైర్ల మీద పెట్టు. ఆపైన పెట్టే లక్షలు గడియారంలో సెకండ్లు లెక్కపెట్టే క్రీడాకారునికి మాత్రమే అక్కరకు వస్తాయి. వానికి అవి నిజంగానే అవసరం. చిత్రమేమంటే, మన దేశంలో సెకండ్లు అవసరమైన కుర్రవాని వద్ద లక్షలుండవు.

ఆ యువకుడు నా లెక్కను కాదనలేదు. "పాతిక లక్షల కారు కొనేవారిని మాత్రం సబబా అని ఎవరూ అడగరేం?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఒకప్పుడు మన జిల్లాలలో సైకిలు, రిస్టువాచీ పెడితే అల్లుడు గర్వంగా తలెత్తుకు తిరిగేవాడు. తరువాత అదే సైకిలు బీదరికానికి చిహ్నమయింది. ఇవాళ పది లక్షల ధర చీటీతో తిరిగి మర్యాద సంపాదించుకుంటున్నది. ఎవరి సరదా వారిది, ఎవరి సంపాదన వారిది.

కాని మాటల మధ్య అతడు చెప్పిన మరొక సంగతి వద్ద నా లెక్క మారింది. ఇప్పుడున్న సైకిలును ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు కారులో వేసుకొని గురుగ్రామ్ - ఫరీదాబాద్ రోడ్డుకు తీసుకుపోతాడట. ఏడు దాటితే లారీలు, కార్లు ముమ్మరమవుతాయి, ప్రాణభయంతో వెనుదిరగాలి. అంటే ఆరు లక్షల వస్తువుకు వారానికి రెండున్నర గంటల ఉపయోగం! ఏ సైకిలుకైనా విలువ కట్టేది తొక్కిన గంటలే. ఆ గంటలను దుకాణదారు అమ్మడు, ఇవ్వవలసినది రోడ్డు.

ఇక్కడే అద్దాల వెనుక సైకిలుకు, ఝండేవాలాన్ ఇనుప సైకిలుకు చుట్టరికం కలుస్తున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో సుమారు 45 శాతం కుటుంబాలకు సైకిలు ఉన్నది. కారు ఉన్నవి ఐదు శాతానికి లోపు. ఓఖ్లా, వజీర్‌పూర్ కార్ఖానాలకు టిఫిను డబ్బా తగిలించుకొని పోయే కార్మికుడు ఏడు దాటిందని వెనుదిరగలేడు. 2022లో దేశం మొత్తంమీద రోడ్డు ప్రమాదాలలో మరణించిన సైకిలిస్టులు నాలుగు వేలకు పైబడినారు. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు నిమిత్తం తలా రెండు వేలు ఇచ్చింది. హైస్కూలులో చేరిన బాలికల సంఖ్య సుమారు 30 శాతం పెరిగిందని కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు తేల్చారు. రెండు వేలకు అంత ఫలితం ఇచ్చిన మరొక యంత్రం నాకు తెలియదు.

రాజధానిలో మాత్రం 2008లో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు బస్సులకు వేరుదారి వేసి, దాని పక్కన సైకిళ్లకు ప్రత్యేకంగా బాట ఇచ్చారు. ఆరు కిలోమీటర్లు కూడా లేదు. లోపాలున్న పథకమే, కాదనను. అయితే కార్లవారి ఆగ్రహానికి తలవంచి 2016లో మొత్తాన్ని తవ్వి పారేశారు. వాహనాలకు కాక మనుషులకు ప్రాధాన్యం ఇవ్వాలన్న జాతీయ పట్టణ రవాణా విధానం 2006 నాటిది. కాగితం ఇంకా భద్రంగానే ఉన్నది.

సైకిళ్లపై 12 శాతం ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గించడం హర్షణీయమే. అయితే ఆరు వేల సైకిలుకూ పది లక్షల సైకిలుకూ ఒకే రేటు. చెప్పుల జతకు, చొక్కాకు రెండున్నర వేల రూపాయల వద్ద గీత గీసి, దాటితే 18 శాతం వసూలు చేస్తున్న కౌన్సిలుకు సైకిలు విషయంలో గీత గీయడం చేతకాని పని కాదు. షోరూము సైకిలు కొనేవారు ఆ పైకం చెల్లించడానికి వెనుదీస్తారని నేననుకోను, తొక్కడానికి బాట చూపిస్తే.