పదిమంది తాకు వస్తువులు - సూక్ష్మజీవుల పరీక్ష



నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగువాడు దారిలో ఎన్ని వస్తువులను తాకునో ఎన్నడైనను లెక్కించితిరా? మెట్టు ప్రక్కనున్న కమ్మి, ముందు సీటు పట్టు, కిటికీ అంచు, కండక్టరు ఇచ్చిన చిల్లర, దిగిన పిమ్మట కాఫీ హోటలులో బల్ల, గ్లాసు. వీనినన్నిటిని ఆతనికి ముందు ఎందరెందరో తాకియున్నారు. వానిమీద ఏమున్నదో కంటికి కానరాదు. కనబడునట్లు చేయు ఉపాయ మొకటి కలదు. దానివలన తెలియునది యెంత, తెలియనిది యెంత యను విషయమును నేడు మనవి చేయుదును.

ఆ ఉపాయము మన యిండ్లలో తెలియనిది కాదు. గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేసి మూతపెట్టినచో తెల్లవారునప్పటికి గిన్నెడు పెరుగగును. తోడులోని సూక్ష్మజీవులు పాలను ఆహారముగా గొని, ఆ వెచ్చదనమున వృద్ధిపొందుటయే అందలి రహస్యము. పరీక్షయు నిట్టిదే. శుద్ధిచేసిన దూదిపుల్లను తడిపి బస్సు కమ్మిపై రుద్దుదురు. పోషకపదార్థములు కలిపి గట్టిపడనిచ్చిన అగారుపై ఆ పుల్లను రాయుదురు. 37 డిగ్రీల వేడిమిలో, అనగా మన దేహమున కుండు వెచ్చదనములో, ఒకటి రెండు దినము లుంచుదురు. ఒక్కొక్క జీవి తానున్న చోటనే లక్షలుగా పెరిగి కంటికి కనబడు చుక్క యగును. ఇక లెక్కించుటయే.

అగారు సముద్రపు నాచునుండి తీయు పదార్థము. జర్మనీలో కోఖ్ పండితుని ప్రయోగశాలయందు మొదట జెలటిను వాడిరి. అది వేడికి కరగిపోవుచుండెను. అచట పనిచేయుచున్న వాల్తర్ హెస్సె యొక్క భార్య, ఫానీ హెస్సె యను నామె, వంటయింట తాను వాడుచున్న అగారును 1881లో సూచించెను. పండితుల చిక్కును వంటయిల్లు తీర్చినది! మన నంద్యాల వేసవిలో ఆ జెలటిను గతి యేమగునో వేరుగ చెప్పనక్కరలేదు. 1887లో కోఖ్ సహాయకుడగు పెట్రీ మూతగల చదునైన పళ్లెమును కల్పించెను. నేటికిని ఆ పళ్లెమునకు ఆయన పేరే.

పళ్లెము నిండ చుక్కలు చూచి గుండెలు బాదుకొనవలదు. వానిలో పెక్కు మన చర్మముపై సదా నివసించునవి, మట్టిలోనివి, హాని చేయనివి. ఎన్ని యున్నవను దానికంటె ఏవి యున్నవను ప్రశ్న ముఖ్యము. ప్రేగులలో నివసించు జాతి కమ్మిపై కనబడినచో, మలమాలిన్యము ఏదో యొక చేతిమీదుగా అచటికి వచ్చినదని ఊహింపవలెను. వైరసులు ఈ అగారుపై పెరుగవు గనుక, చుక్కలు లేనంతమాత్రమున వస్తువు నిర్దోషమనుటకును వీలులేదు. ఇది యింట చేయదగిన వినోదము కాదు. పెరిగిన పళ్లెము మూత తీయరాదు. చూచిన పిమ్మట 121 డిగ్రీల ఆవిరిలో నుంచి, అందలి జీవులను చంపి పారవేయుదురు. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. సూక్ష్మజీవశాస్త్ర శాఖ లేని వైద్య కళాశాల యుండదు. ఇట్టి పని అట్టి చోటులదే.

లండను పండితులు 2011లో ప్రకటించిన పరీక్ష యొకటి మిక్కిలి ఉపయుక్తము. స్వచ్ఛందముగా వచ్చిన 20 మంది బహిరంగ స్థలములలోని తలుపు పిడులను, కటకటాలను తాకిరి. కడుగని చేతులను పరీక్షింపగా నూటికి 44 మారులు ప్రేగు సంబంధమైన జీవులు కానవచ్చెను. వట్టి నీటితో కడిగినపుడు 23. సబ్బుతో కడిగినపుడు 8.

ఇట్టి మాటలు విని, "మా పూర్వులు అంటు, మైల యని కొందరిని దూరముంచినది ఇందులకే" అని సంతోషించు పెద్దలు కలరు. ధర్మశాస్త్రము చదువుకొన్నవాడను గనుక నేనే చెప్పవలసియున్నది. కాళ్లుచేతులు కడుగుకొనుట, ఎంగిలి పాటించుట మొదలగు శౌచమునకు పళ్లెము సాక్ష్యమిచ్చును. పుట్టుకను బట్టి ఒకని స్పర్శ మలినమనుటకు ఈయదు. నా చేతి చుక్కలను, చెప్పులు కుట్టువాని చేతి చుక్కలను ప్రక్కప్రక్కన నుంచి, ఏది యెవరి కులమో చెప్పగల పండితుడు లేడు. సబ్బుతో కడిగిన చేయి యేదో, కడుగని చేయి యేదో అడుగుడు, చెప్పవచ్చును. కాఫీ హోటళ్లలో కొందరికి వేరు గ్లాసు లుంచుటను మీరెరుగుదురు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసినది. 1955 నాటి చట్టము దానికి శిక్ష విధించినది. విచిత్రమేమనగా, వేరు గ్లాసు పెట్టిన హోటలువాడు తక్కినవారి గ్లాసులనన్నిటిని ఉదయమునుండి మార్చని ఒకే తొట్టి నీటిలో ముంచి తీయుచుండును. ఆచారవంతులందరును పరస్పరము ఎంగిలి త్రాగిన స్థలము ఆ తొట్టియే!

ఇక రూపాయి నోటు. అది యెవ్వరి చేతినుండి వచ్చినదని యెవ్వరును అడుగరు. ఢిల్లీలోని జినోమిక్స్ పరిశోధన సంస్థవారు అంగళ్లలో సేకరించిన 10, 20, 100 రూపాయల నోట్లను పరీక్షించి 2015లో ఫలితములు ప్రకటించిరి. వారు పళ్లెములను గాక, నోట్లపైనున్న జీవుల డి.ఎన్.ఏ.ను చదివిరి. సూక్ష్మజీవులు మందులకు లొంగకుండునట్లు చేయు జన్యువులు 78 కానవచ్చినవి. నోటు తాకినంతనే వ్యాధి వచ్చునని దీని యర్థము కాదు. వ్రేలిని నాలుకపై తడిపి నోట్లు లెక్కించు అలవాటు మాత్రము ఆ జీవులను తిన్నగా నోటిలోనికి చేర్చును. పుటలు త్రిప్పునపుడు పంతుళ్ల అలవాటును ఇదియే. బ్యాంకు గుమాస్తాలు చిన్న డబ్బీలో తడి స్పాంజి యుంచుకొందురు, అది మేలు. అయితే దానిని దినమున కొకసారి సబ్బుతో ఉతికి యెండ నారవేయవలెను. తడిసి మురిగిన స్పాంజికిని అగారు పళ్లెమునకును భేదము స్వల్పము.