ఎండసీమలో పాతకారు

దేవాసురయుద్ధమున దశరథుని రథచక్రమునకు చీల యూడిపోగా, కైకేయి తన వ్రేలిని చీలగా దూర్చి రథమును నిలిపెనని పెద్దలు చెప్పు కథ సోదరీమణులందఱును వినియే యుందురు. వాల్మీకి రామాయణమున నీ వ్రేలి ముచ్చట లేదు. స్పృహతప్పిన భర్తను ఆమె యుద్ధభూమినుండి తప్పించి కాపాడెనని మాత్రమే యున్నది. ఏది యెట్లున్నను, ఆనాటి సారథ్యమునకు బహుమానముగా దొరికిన రెండు వరములు తరువాత నెంతపని చేసెనో చెప్పనక్కఱలేదు గదా!

బండి చెడినపుడు స్త్రీ చేయిపెట్టుట పురాణములలోనే కాదు, మోటారుబండి పుట్టుకలోనే కలదు. 1888వ సంవత్సరము ఆగస్టు మాసమున జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను నామె, తన భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడుచక్రముల మోటారుబండి నెక్కి, ఆయనతో చెప్పకయే యిద్దఱు కొడుకులను వెంటబెట్టుకొని, మాన్‌హైము పట్టణమునుండి తల్లిగారున్న ఫోర్‌జ్‌హైమునకు ఇంచుమించు 100 కిలోమీటర్లు ప్రయాణము చేసెను. దారిలో నింధనపు గొట్టము మూసికొనిపోగా టోపీసూదితో పొడిచి శుభ్రపఱచెను. తీగపై తొడుగు చెడగా మేజోటిపట్టీతో చుట్టెను. బ్రేకుచెక్క లరిగిపోగా చెప్పులు కుట్టువానిచేత తోలు కొట్టించెను. ఇంజనుకు నీరు మాటిమాటికి పోయుచునే యుండెను. ఇంధనము, విద్యుత్తు, బ్రేకు, నీరు – నేటి పాతకార్ల జబ్బులును చాలవఱకు నీ నాలుగే.

మా అనంతపురపు సీమలో ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పెన్న, చిత్రావతి ఏటిలో పెక్కునెలలు ఇసుకయే కనబడును. ఈ యెఱ్ఱనేలమీదనే, పెనుకొండ చెంత ఎఱ్ఱమంచియొద్ద, 2019 నుండి కియా కర్మాగారమున క్రొత్తకార్లు తయారగుచున్నవి. (పెనుకొండ 2022లో నేర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది.) అయినను మావంటి యుపాధ్యాయుల యిండ్లలో తఱచుగా నుండునది పాతబండియే. అంబాసిడరు తయారీయు, మారుతి 800 తయారీయు 2014లోనే యాగిపోయినవి. చిత్తూరుగఢపు రాణిపేరు పెట్టుకొనిన పద్మిని యంతకుముందే వెడలిపోయినది. మా మామగారు 1988లో కొనిన అంబాసిడరు మాత్రము నేటికిని మా వాకిటనున్నది. ఊరికిని ఊరికిని నడుమ నీడకు వేపచెట్టైన లేని దారులలో, వృద్ధులను, పసిబిడ్డలను ఎక్కించుకొని పోవునపుడు, ఇంటి గృహిణికి దాని నాడి తెలియకుండుట మంచిదికాదని మా యభిప్రాయము. తోలువారికి దారిమీద దృష్టి. ప్రక్కన కూర్చున్నవారికే వాసనలును, చప్పుళ్లును ముందుగా తెలియును.

మన సీమలో పాతకారును చెఱచునవి రెండు: ఎండ, బోరునీరు. ఎండసంగతి అందఱెఱిగినదే. బోరునీరు కాచిన గిన్నె యడుగున తెల్లనిపెచ్చు కట్టుట ప్రతిదినము చూచుచునే యున్నాము. ఇంజనుచుట్టు తిరుగు నీరును అట్లే కాగును. రేడియేటరులోని సన్ననిగొట్టములలో ఆ పెచ్చే పేరుకొని నీటిదారిని మూసివేయును. అందుచేత నీరు నిండుగనున్నను బండి కాగిపోవును. తోలువారు మఱల బోరునీరే పోయుదురు. పెచ్చు మఱింత పెరుగును. పోయవలసినది కూలెంటు. దానిని బ్యాటరీలకై అమ్ము శుద్ధజలముతో, డబ్బాపై వ్రాసిన పాళ్లలో కలుపవలెను. అది తుప్పును ఆపును. నీరు త్వరగా మరుగకుండ చేయును. కాని దానిలో సాధారణముగా నుండు ఇథిలీన్ గ్లైకాల్ అను ద్రవ్యము రుచికి తీయనిది, కడుపులోనికి పోయిన ప్రాణాంతకము. పిల్లలకు, కుక్కలకు అందనిచోట నుంచుడు. నేలపై నొలికినచో వెంటనే కడుగుడు. త్రాగునీటి సీసాలో నెన్నడును పోసి యుంచవలదు.

వేడిముల్లు ఎఱ్ఱగీత చేరినపుడు ఏసీ యుండిన నాపి, బండిని ప్రక్కకు తీసి నిలుపవలెను. నిలుపుటకు చోటు లేని వంతెనమీదనో, ఘాటులోనో యున్నయెడల, లోపల వేడిగాలి యంత్రము గలవారు దానిని పూర్తిగా తెఱచినచో ఇంజను వేడిలో కొంత లోనికి వచ్చి ముల్లు తగ్గును. వైశాఖమాసమున నీ చికిత్స చేయుటకు ఓర్పు కావలెను! ఇంజను ఆపిన తరువాత అరగంటకు తక్కువగాక వేచియుండుడు. రేడియేటరుమూతను వేడిమీద త్రిప్పినవారి ముఖమునకును, చేతులకును మరుగునీరు ఎగజిమ్మును. మూత యొత్తిడిక్రింద నున్నందున నూరు డిగ్రీలు దాటియు మరుగక యున్న నీరు, మూత తీసినంతనే ఒక్కసారిగా పొంగును. ఆ కాలుడు గంజి పడినదానికంటె దారుణము. చల్లాఱినపిదపనే మందపుగుడ్డ వేసి మెల్లగా త్రిప్పవలెను. కాగిన ఇంజనుపై చన్నీరు గ్రుమ్మరించినచో లోహము పగులవచ్చును.

కారణము వెదకుట మఱునాటి యుదయమున, చల్లగానున్నపుడు చేయవలసిన పని. ఫ్యానుబెల్టు వదులైనదా? రేడియేటరు రేకులనడుమ దుమ్మును, పురుగులును కూరుకొనినవా? గొట్టముల చివరలయందు, నీటిపంపు క్రింద తడి యున్నదా? ఇంజనాయిలు పోయు మూతకు లోపల మీగడవంటి తెల్లనిజిడ్డు పట్టి, పొగగొట్టమునుండి తెల్లనిపొగ విడువక వచ్చుచుండినచో గాస్కెట్టు చెడి నీరు లోనికి పోవుచున్నదేమో యని శంకింపవలెను. అట్టిబండిని ఇంకను తోలుట ఇంజనును చేజేతుల పోగొట్టుకొనుటయే.

గత వైశాఖమున కదిరి నరసింహస్వామి దర్శనము చేసికొని మఱలుచుండగా, ముదిగుబ్బ దాటినపిదప మిట్టమధ్యాహ్నమున మా బండి రెండుమార్లు దగ్గి నిలిచిపోయెను. వెనుక మధుమేహముగల మా యత్తగారు, త్రాగునీరు రెండుసీసాలు. మా వారు ఇంజను పోయినదని తలచి, లారీతో లాగించుటకు ఫోను చేయబోయిరి. మేము ముల్లు చూచితిమి, నడుమనే యున్నది. స్టార్టరు బలముగానే తిరుగుచున్నది. ట్యాంకులో పెట్రోలు సగమున్నది. నీరు, బ్యాటరీ, ఇంధనము మూడును బాగుండగా నిలిచినదనిన, పెట్రోలు ఇంజనుకు చేరుటలేదేమో! పాతబండ్లలో పెట్రోలుపంపు ఇంజనును అంటియుండుటచే, ఎండలో పెట్రోలు గొట్టములోనే ఆవిరియై బుడగలు కట్టును. పంపు ద్రవమును లాగజాలదు. ఇంజను కొంత చల్లాఱనిచ్చి, అరసీస నీటితో తువాలు తడిపి పంపునకు చుట్టితిమి. వేపనీడ దొరకక కొంగు కప్పుకొని నిలిచిన మా యత్తగారు, “ఏమమ్మా, బండికి జ్వరమా, తడిగుడ్డ వేసితివి?” అని నవ్విరి. ఇరువది నిమిషములకు బండి కదలెను. ఈ యుపాయము కార్బురేటరు గల పాతబండ్లకే; ట్యాంకులోనే విద్యుత్పంపుండు బండ్లకు పనికిరాదు.

ఇక పెట్రోలు మాట. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలుపుట వ్యాప్తికి వచ్చినది. పాతబండ్ల రబ్బరుగొట్టములు దీనికై చేయబడినవి కావు. కొన్ని మెత్తబడి పగుళ్లు వాఱును. బండి యాగియుండగా పెట్రోలు వాసన వచ్చినచో ఉపేక్షింపక గొట్టములను మార్పింపుడు. వేడిఇంజనుపై పెట్రోలుచుక్క పడిన నేమగునో వంటింటివారికి వేఱుగ చెప్పవలెనా?

ఉదయమున తాళము త్రిప్పగా టిక్కుటిక్కుమని ఊరకుండినచో, ముందు దీపములు వేసి మఱల త్రిప్పి చూడుడు. దీపములు మసకబాఱిన బ్యాటరీలో శక్తి లేదు, లేక దాని కొసలు పట్టుట లేదు. దీపములు తగ్గక వెలుగుచునే యుండిన లోపము స్టార్టరువైపు. కొసలపై తెల్లగనో, పచ్చగనో పూసిన పొడిని వేడినీటిలో కలిపిన వంటసోడాతో కడిగి, ఆరినపిదప వాజెలైను రాయుడు. బండిదేహమునకు కలిపిన తీగనే మొదట విప్పి, కడపట బిగింపవలెను. మూతలుగల బ్యాటరీ అయినచో మా సీమ వేసవిలో నీరు త్వరగా నివురును. పదునైదు దినముల కొకసారి చూచి శుద్ధజలమే పోయవలెను. దానియొద్ద దీపము, అగ్గిపుల్ల దరిచేరనీయరాదు.

పొగరంగు చూచుట తేలిక. నల్లనిపొగ వచ్చిన పెట్రోలు ఎక్కువగనో, గాలి తక్కువగనో పోవుచున్నది; మన దుమ్ముదారులలో గాలిజల్లెడ మూసికొనియుండుటే తఱచు. నీలిపొగ ఆయిలు కాలుటకు గుర్తు. ప్లగ్గులు తీసినపుడు కొన లేతగోధుమరంగున నుండిన ఆరోగ్యము.

టైర్ల గాలి చల్లని వేళనే చూపింపవలెను. టైరుప్రక్కన అండాకారపు గడిలో నాలుగంకె లుండును: 2319 అనిన 2019వ సంవత్సరపు 23వ వారమున చేసినదని అర్థము. పైచాళ్లు లోతుగనే యున్నను, ప్రక్కలు పగిలిన పాతటైరు వేసవిప్రయాణమునకు తగదు.

బ్రేకువిషయమున మాత్రము ఇంటివైద్యము వలదు. పెడలు మెత్తగా స్పంజివలె నుండినను, అదిమి పట్టుకొనియుండగా మెల్లగా క్రిందికి దిగినను, ద్రవపుడబ్బాలో మట్టము తగ్గినను, ఆ బండి షెడ్డునకే పోవలెను, అదియును తోలుకొని కాదు. బ్రేకుద్రవము గాలిలోని తేమను పీల్చును. ఆ తేమ వేడికి ఆవిరియైనచో పెడలు నేలకంటును. కావున కాఱకపోయినను రెండేండ్ల కొకసారి మార్పింపవలెను. చీరలకు, నగలకు వాయిదా వేయవచ్చును గాని దీనికి వేయరాదు.

సొంతబండ్ల రిజిస్ట్రేషను 15 ఏండ్ల కాలము. పిదప ఐదేండ్ల కొకసారి పరీక్ష చేయించి పొడిగించుకొనవలెను. పై సంగతులు చక్కగనున్న బండికి ఆ పరీక్ష భయము లేదు.

మెకానిక్కుతో మాటాడునపుడు “బండి బాగాలేదు” అనుటకంటె, చప్పుడు చల్లనివేళనా, వేడియెక్కినపిదపనా, మలుపులోనా, బ్రేకు వేయునపుడా యనునది ఒక చీటిపై వ్రాసి యిచ్చినచో సగము పని తప్పును. ఎంతగునో ముందుగానే యడుగుడు. మార్చిన పాతసామానును చేతి కిమ్మని నిస్సంకోచముగా కోరుడు. దానిని ఇంటికి తెచ్చి తుడిచి, ఎచ్చట అరిగినదో పిల్లలకు చూపింపుడు.