లా అబైడింగ్ సిటిజన్: అసలు లొసుగు సొరంగం కాదు

ఈ ఎపిసోడ్‌లో 2009లో వచ్చిన 'లా అబైడింగ్ సిటిజన్' గురించి మాట్లాడుకుందాం. ముందే చెప్పేస్తున్నా, క్లైమాక్స్‌తో సహా కథంతా చెప్పేస్తాను. చూడనివాళ్లు ఇక్కడే ఆగి, సినిమా చూసొచ్చేయండి.

నేను దీన్ని మొదటిసారి చూసింది బీటెక్‌లో. హాస్టల్ రూమ్‌లో ఒక్క ల్యాప్‌టాప్, చుట్టూ ఆరుగురం. జడ్జి చేతిలో ఫోన్ పేలే సీన్‌కి మావాడొకడు మంచమెక్కి ఈల వేశాడు. నేనూ వేశా. మొన్న మళ్లీ చూస్తే ఈల రాలేదు గానీ, నోట్‌బుక్‌లో రెండు పేజీల లొసుగులు తేలాయి.

కథ రెండు ముక్కల్లో చెప్తా. ఊరు ఫిలడెల్ఫియా. క్లైడ్ షెల్టన్ (జెరార్డ్ బట్లర్) ఇంట్లోకి ఇద్దరు దూరి, అతన్ని కట్టేసి, భార్యనీ కూతుర్నీ చంపేస్తారు. ప్రాసిక్యూటర్ నిక్ రైస్ (జేమీ ఫాక్స్) దగ్గర సాక్ష్యం బలంగా ఉండదు. అందుకని అసలు హంతకుడు డార్బీతోనే బేరం కుదుర్చుకుంటాడు. నీ జతగాడు ఏమ్స్ మీద సాక్ష్యం చెప్పు, నీకు శిక్ష తగ్గిస్తాం అని. ఏమ్స్‌కి మరణశిక్ష పడుతుంది, డార్బీ బయటికొచ్చేస్తాడు. పదేళ్ల తర్వాత క్లైడ్ ఆ ఇద్దర్నీ చంపి, కావాలనే అరెస్టయి, జైల్లో కూర్చునే వ్యవస్థలో ఒక్కొక్కర్నీ లేపేస్తుంటాడు.

సినిమా మన ముందు పెట్టే పజిల్ ఒకటే: లోపలున్నవాడు బయటవాళ్లని ఎలా చంపుతున్నాడు? జవాబేంటంటే, అసలు లోపల లేడు! జైలు పక్కన ఒక గ్యారేజ్ కొని, అక్కడి నుంచి ఒంటరి సెల్స్ అన్నిటికీ సొరంగాలు తవ్వేశాడు. చూడండి, చెస్ ఆడదాం రమ్మని పిలిచి, చివర్లో బోర్డు ఎత్తుకుపోతే అది ఎత్తు కాదు కదండీ! పైగా వేరే జైల్లో పెడితే? ఒంటరి సెల్‌కి పంపకపోతే? అందుకోసమే తోటి ఖైదీని చంపుతాడు, సరే. తవ్విన మట్టంతా ఎటు పోయింది? ఏ గార్డూ ఒక్కసారైనా సెల్‌లోకి తొంగి చూడలేదా? నా భాషలో చెప్పాలంటే, ఇది ఒక్క ఇన్‌పుట్‌కే పనిచేసే కోడ్. డెమోలో అదిరిపోతుంది, ప్రొడక్షన్‌లో పెడితే మొదటి రోజే పడిపోతుంది.

ఇక చట్టం సంగతి. ఏమ్స్‌ని పదేళ్లలో ఉరి... సారీ, ఇంజెక్షన్‌తో చంపేస్తారు. అది పెన్సిల్వేనియా రాష్ట్రం. అక్కడ 1976 తర్వాత అమలైన మరణశిక్షలు మూడంటే మూడు. చివరిది 1999లో. ఆ ముగ్గురూ అప్పీళ్లు మాకొద్దని తామే వదులుకున్నవాళ్లు. మిగతావాళ్ల కేసులు ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంటాయి. అంటే కోర్టులు మెతక అని తిట్టే ఈ సినిమాలో, నిజం కోర్టు కంటే సినిమా కోర్టే స్పీడు!

ఇంకోటి. డిస్ట్రిక్ట్ అటార్నీ చనిపోగానే మేయర్ నిక్‌ని పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టేస్తుంది. ఫిలడెల్ఫియాలో అది ఎన్నికల పదవి. మధ్యలో ఖాళీ అయితే తాత్కాలికంగా నింపేది మేయర్ కాదు, అక్కడి కోర్టు జడ్జిలు. 2017లో పదవిలో ఉన్న అటార్నీ రాజీనామా చేసినప్పుడు జరిగిందీ అదే.

క్లైమాక్స్‌కి వద్దాం. క్లైడ్ సిటీ హాల్లో బాంబు పెట్టి జైలుకి బయల్దేరతాడు. నిక్, పోలీసాయన ఆ తర్వాత వచ్చి, వెతికి, బాంబు పట్టుకుని, దాన్ని మోసుకుంటూ క్లైడ్ కంటే ముందే సెల్‌కి చేరి, మంచం కింద పెట్టేసి, తీరిగ్గా ఎదురుచూస్తుంటారు. ఏ ట్రాఫిక్‌లో వెళ్లారో మరి! పదేళ్లు ప్లాన్ వేసినవాడు మంచం కింద మాత్రం చూసుకోడు.

ఇవన్నీ క్షమించేయొచ్చు. మన సినిమాల్లో ఇంతకంటే పెద్దవి చూసి కూడా విజిల్ వేశాం. నన్ను ఇబ్బంది పెట్టిన లొసుగు వేరే ఉంది. అది స్క్రిప్ట్‌లో లేదు, నాలో ఉంది.

మొదటి సీన్ గుర్తు తెచ్చుకోండి. డార్బీ చంపడం, ఏమ్స్ వద్దనడం మనం కళ్లారా చూశాం. అందుకే నిక్ బేరం పెడితే ఒళ్లు మండింది. కానీ ఆ సీన్ నిక్ చూడలేదు, జడ్జి చూడలేదు. వాళ్ల ముందున్నది ఫైలు, బలహీనమైన సాక్ష్యం, అంతే. ప్రతి రివెంజ్ సినిమా మనకి ఒక ఫ్రీ టికెట్ ఇస్తుంది: నేరం ఎవరు చేశారో నూటికి నూరు శాతం తెలిసిపోవడం. ఆ టికెట్ చేతిలో ఉంటే కోర్టు దండగ అనే అనిపిస్తుంది. నిజ జీవితంలో ఆ మొదటి సీన్ ఎవరికీ వేసి చూపించరు. సాక్ష్యం, విచారణ, అప్పీలు... ఈ సాగదీతంతా ఉన్నది ఆ చూడని సీన్‌ని వీలైనంతవరకు తిరిగి కట్టడానికే.

ఇదంతా సినిమా కబురే అనుకుంటున్నారా? 2019 డిసెంబర్ 6, పొద్దున. దిశ కేసులో నలుగురు నిందితులు షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. నేను వాట్సాప్ స్టేటస్ పెట్టా, చప్పట్ల ఎమోజీతో. మా అమ్మ కూడా "మంచి పని చేశార్రా" అంది. ఆ అమ్మాయికి జరిగింది తలుచుకుంటే ఆ కోపం తప్పని ఇప్పటికీ అనను. కానీ సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, ఆ నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని అందులో ఉంది. అది చదివాక నా పాత స్టేటస్ గుర్తొచ్చింది. నేరం చేసింది ఆ నలుగురేనని నాకెలా తెలుసు? టీవీలో చెప్పారు. అంతే. నేను మొదటి సీన్ చూడలేదు, చూసినట్టు ఈల వేశా.

సినిమాకి కూడా ఆ ఇబ్బంది తెలుసనుకుంటా. అందుకే సగం దాటాక క్లైడ్‌ని విలన్‌గా తిప్పేస్తుంది. నిక్ టీమ్‌లో పనిచేసే కుర్రవాళ్లు కారు బాంబులతో పోతారు. వాళ్లు చేసిన నేరమేంటి, ఆ ఆఫీసులో ఉద్యోగం చేయడం! కానీ చివర్లో నిక్ ఏం చేశాడు? అరెస్టు చేయగలిగినవాడిని అతని బాంబుతోనే కాల్చేశాడు. కేసు లేదు, విచారణ లేదు. చట్టం గెలిచిందన్నట్టు మ్యూజిక్ వస్తుంది గానీ, గెలిచింది క్లైడ్ పద్ధతే. సొరంగం కంటే పెద్ద గొయ్యి అదేనండీ.

సినిమా చూడొద్దనట్లేదు. బట్లర్ ఇరగదీశాడు, కోర్టు సీన్లు ఇప్పటికీ బాగుంటాయి. ఈసారి చూసేటప్పుడు ఒక చిన్న పని చేయండి. మొదటి ఐదు నిమిషాలు దాటించి, నిక్ ఆఫీసు సీన్ నుంచి మొదలుపెట్టండి. మీకు తెలిసింది ఆ ఫైల్లో ఉన్నదే అనుకోండి. అప్పుడు కూడా ఈల వస్తుందేమో చూసి నాకు చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండీ.